రంగు వేయించే ముందు: ఇల్లు అమ్మబోతున్న యజమానులకు బహిరంగ లేఖ

ఇల్లు అమ్మకానికి పెట్టాలని నిర్ణయించుకున్న యజమానులందరికీ,

నమస్కారం.

ఇల్లు అమ్మాలనుకోగానే చాలామంది ముందుగా పిలిచేది పెయింటర్‌ని. గోడలకు పుట్టీ పట్టించి, రెండు కోటింగులు రంగు వేయించి, ఆ తర్వాతే ఫొటోలు తీసి ప్రకటన ఇస్తారు. నేను సివిల్ ఇంజినీరుని. కొనేవాళ్ల తరఫున ఇళ్లు చూసి, ఏది ఎలా ఉందో నివేదిక రాసివ్వడం నా వృత్తి. నేను వచ్చేసరికి చాలా ఇళ్లలో రంగు వాసన కూడా పోయి ఉండదు. మీ అందరికీ నా విన్నపం ఒక్కటే. లోపం ఉన్నచోట రంగు వేయకండి. చేయించగలిగితే మూలం దగ్గర మరమ్మతు చేయించండి. కుదరకపోతే ఉన్నది ఉన్నట్టు వదిలేసి, కొనేవాళ్లకు మీ నోటితో మీరే చెప్పండి.

ఈ మాట ఇంజినీర్లకో ప్రభుత్వానికో కాకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఒక ఇంటి గురించి దాని యజమానికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఎంత అనుభవం ఉన్న ఇంజినీరైనా ఆ ఇంట్లో ఒక పూట గడుపుతాడు, అదీ పగటిపూట, ఎక్కువగా పొడి వాతావరణంలో. మీరు అక్కడ వానాకాలాలు గడిపారు. ఈదురుగాలితో వాన కొట్టినప్పుడు ఏ కిటికీ కింద నీళ్లు చేరతాయో, పైఅంతస్తు బాత్రూం వాడిన కాసేపటికి కింది గది కప్పు మీద ఏ మూల చెమ్మ తేలుతుందో, ఏ తలుపు వానల్లో బిగుసుకుని ఎండల్లో వదులవుతుందో మీకు కంఠతా వచ్చు. అవి కొలిచే పరికరం ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు.

తనిఖీకి మనిషి వస్తే అన్నీ బయటపడిపోతాయని కొందరి భయం. కొనేవాళ్లలో అదే కొందరికి ధీమా. రెండూ సరికావు. ఇంటి తనిఖీ ప్రధానంగా కంటితో చూసే పని. గోడ పగలగొట్టం, నేల తవ్వం. అమెరికాలో 1976లో ఏర్పడిన తనిఖీదారుల సంఘం 'ఆషి' ప్రమాణాల ప్రకారం కూడా ఇంట్లోని సామాను జరిపి చూడటం తనిఖీదారు బాధ్యత కాదు. పిన్నులు గుచ్చి చూసే తేమ మీటరు గోడలోని విద్యుత్ నిరోధాన్ని బట్టి తేమను అంచనా వేస్తుంది. గోడలో లవణాలు పేరుకుని ఉంటే ఆరిన గోడను కూడా తడిగోడ అంటుంది. థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడదు, పైపొర మీద వేడిలో తేడాలు మాత్రమే చూపిస్తుంది. వాన వెలిసి నెలలు గడిచాక కారుడు జాడ దానికి చిక్కకపోవచ్చు. అంటే కొత్త పుట్టీ, గోడకు ఆనించిన బీరువా కలిసి నా కంటిని మోసం చేయగలవు. దాని ఫలితం అనుభవించేది మాత్రం ఆ ఇంట్లోకి వచ్చే కుటుంబం.

ఒక ఇంట్లో చూసింది చెబుతాను. పడకగదికి కొత్తగా ఫాల్స్ సీలింగ్ చేయించారు. చుట్టూ సన్నటి లైట్లతో చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక లైటు ఇంకా బిగించలేదు. ఆ గుండ్రటి రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పైన స్లాబు అడుగుభాగం కనిపించింది. కాంక్రీటు ఊడిపోయి చువ్వలు బయటపడ్డాయి. తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. రాలిన పెచ్చుల్లో అరచేయంత ముక్క ఒకటి ఫాల్స్ సీలింగ్ బోర్డు మీదే ఉంది. సరిగ్గా దాని కింద మంచం. మంచం పక్కన పిల్లల బొమ్మల బుట్ట. అమ్మేవాళ్లు అప్పటికి ఆ గదిలోనే పడుకుంటున్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పెచ్చులు రాలుతుంటే ఎవరో ఇది వేయించుకోమని సలహా ఇచ్చారు, వేయించుకున్నారు. కొనేవాళ్లకు కనపడకుండా పోయిన ప్రమాదం వాళ్లకూ కనపడకుండా పోయింది.

ఆ చువ్వలకు ఏమవుతోందో కొంచెం వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే పుట్టీ మీద డబ్బు పెట్టబుద్ధి కాదు. కొత్త కాంక్రీటుకు గాఢమైన క్షార గుణం ఉంటుంది, పీహెచ్ అనే కొలతలో 12, 13 దాకా. ఆ క్షారం వల్ల చువ్వల మీద పలచటి రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తూ పోతుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయిన ఆ మార్పు చువ్వల దాకా చేరిందంటే రక్షణ పొర పోయినట్టే. అక్కడి నుంచి తేమ, గాలి తగిలితే చాలు. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపలి నుంచి ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు చీలి పెచ్చులుగా రాలుతుంది. కట్టేటప్పుడు చువ్వల కింద కాంక్రీటు మందం తక్కువ పడిన చోట ఇది ఇంకా ముందే మొదలవుతుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి పైన పుట్టీ పట్టిస్తే తుప్పు ఆగదు. రాలబోయే పెచ్చుకు ఇంకాస్త బరువు తోడవుతుంది, అంతే.

దీనికి సరైన మరమ్మతు ఉంది, దానికో వరస ఉంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనిపెట్టి అక్కడ ఆపాలి. పాడైన కాంక్రీటును చువ్వ వెనక వరకూ చెక్కేయాలి. తుప్పు మొత్తం గోకి, చువ్వ ఎంత సన్నబడిందో కొలవాలి. బాగా తినేసి ఉంటే పక్కన కొత్త చువ్వ వేసి కట్టాలి. తుప్పు ఆపే పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టారును (సిమెంటు మిశ్రమాన్ని) పొరలుగా కట్టి, సరిగ్గా క్యూరింగ్ చేయాలి, అంటే కొన్నాళ్లు తడిగా ఉంచాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ఇలా చేయించిన వాళ్లు ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవాలని నా ప్రార్థన. చెక్కిన స్లాబు, శుభ్రం చేసిన చువ్వలు, పూత, చివరి పొర, ఈ నాలుగు ఫొటోలు చూపిస్తే ఇది పద్ధతిగా బాగుచేసిన స్లాబు అని నివేదికలో ధైర్యంగా రాస్తాను. అవి లేకుండా నున్నటి కప్పు చూపిస్తే, కింద ఏముందో తెలియదని రాయక తప్పదు. అదే పని, అదే ఖర్చు, కానీ రుజువు లేనందుకు మీకు దక్కాల్సిన విలువ దక్కదు.

బీటల విషయంలో యజమానులు తమకు తామే ఎంత నష్టం చేసుకుంటారో చూస్తే బాధేస్తుంది. ప్రతి బీటా ప్రమాదం కాదు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే వెంట్రుకంత బీటలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. బ్రిటన్‌లోని భవన పరిశోధన సంస్థ బీఆర్ఈ ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణ ప్రకారం 1 మిల్లీమీటరు లోపు బీట చాలా స్వల్పం, 5 మిల్లీమీటర్ల వరకూ స్వల్పం, 15 నుంచి 25 ఉంటే తీవ్రం. వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, బీట నడిచిన దారి కూడా చూడాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిందా, ఇటుకల సందుల్లో మెట్లు మెట్లుగా దిగిందా, గోడకు రెండో పక్కన కూడా కనిపిస్తోందా, ఒక చివర వెడల్పుగా ఉండి రెండో చివరకు సన్నబడిందా అని చూస్తాం. ఇవి కనిపిస్తే పునాది కదిలిందేమోనని ఆలోచించాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆ బీట ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది. ఆగిపోయిన బీట గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు. పాత బీట తన వయసు తానే చెబుతుంది. లోపల దుమ్ము, సాలెగూడు, ఎప్పుడో వేసిన రంగు చారలు ఉంటాయి, అంచులు మొద్దుబారి ఉంటాయి. కొత్త బీట అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటుంది. మీ గోడ మీది బీట ఎప్పుడో వచ్చి ఆగిపోయినదే అయితే, ఆ సంగతి చెప్పే సాక్ష్యం ఆ సందులోనే ఉంది. దాన్ని పుట్టీతో పూడ్చేస్తే మీకు అనుకూలమైన సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. నాలుగు నెలలకు ఆ పుట్టీ మీద వెంట్రుకంత గీత మళ్లీ తేలితే, కొన్నవాళ్లు ఇల్లే కూలిపోతుందని హడలిపోతారు. మిమ్మల్ని మోసగాళ్లంటారు.

అందుకని అమ్మాలని అనుకున్న రోజే ఒక పెన్సిలు తీసుకోండి. బీట రెండు చివరల దగ్గరా చిన్న గీత గీసి తేదీ వేయండి. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట కొలిచి పక్కనే రాయండి. బంకమట్టి నేలలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి కాబట్టి వాటి మీద కట్టిన ఇళ్లలో బీటలు ఒక కాలంలో తెరుచుకుని ఇంకో కాలంలో మూసుకుంటాయి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటిన కొలతలు ఉంటే ఏ ఇంజినీరుకైనా అంతకు మించిన ఆధారం ఉండదు. ఒక్క పూట వచ్చి వెళ్లే నాకు అది ఎప్పటికీ దొరకదు, మీరు ఇస్తే తప్ప.

చెమ్మ గురించి. గోడ అడుగున, నేల నుంచి సుమారు మీటరు ఎత్తు లోపల అడ్డంగా ఉప్పు గీత కట్టి పెయింటు పొక్కులు లేస్తుంటే నేలలోంచి తేమ పైకి పాకుతోందేమో చూడాలి. గోడ మధ్యలో గుండ్రటి మచ్చ అయితే పైపు మీద అనుమానం. కప్పు మూలల్లో, గాలాడని బీరువా వెనక నల్లటి బూజు అయితే లోపలి ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా మారి ఉండొచ్చు. కారణాన్ని బట్టి మందు మారుతుంది. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింటు పూస్తే మాత్రం నేలలోంచి వచ్చే తేమ గోడలో చిక్కుకుని ఇంకాస్త పైకి ఎక్కుతుంది. కొన్ని పరీక్షలు మీరే చేసుకోవచ్చు. ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడండి. ముల్లు తిరుగుతుంటే ఎక్కడో పైపు కారుతోంది. బాత్రూం నేల మీద, డాబా మీద అనుమానం ఉంటే నీళ్లు పోయే తూము మూసి, కాస్త నీళ్లు నిలబెట్టి ఒకటి రెండు రోజులు ఉంచి కింది కప్పును గమనించండి. డాబా మీద ఎంత నీరు నిలబెట్టవచ్చో ముందు తెలిసినవాళ్లను అడగాలి, నీళ్ల బరువు తక్కువేమీ కాదు. కారే చోటు కట్టించాక తొందరపడి రంగు వేయకండి. తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని ఒక మోటు లెక్క ఉంది. ఆ లోగా వేసిన రంగు మళ్లీ పొక్కుతుంది, మీరు చేయించిన మంచి మరమ్మతు కూడా బూటకంలా కనిపిస్తుంది. మచ్చ మచ్చలా ఉంచి, పక్కన ప్లంబర్ బిల్లు చూపించండి. కొనేవాళ్లు నమ్ముతారు.

కరెంటు పని మాత్రం అమ్మకంతో సంబంధం లేకుండా ఇవాళే చూపించుకోండి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. విప్పి చూస్తే ఎర్త్ పిన్నుకు వైరే లేని సాకెట్లు ఎన్నో కనిపిస్తాయి. మనిషి ప్రాణం కాపాడటానికి వాడే లీకేజీ బ్రేకరు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దగ్గర ట్రిప్ అవ్వాలి, అంటే కరెంటు సరఫరా ఆపేయాలి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే ఆ పరికరం పనిచేస్తోందో లేదో తెలుస్తుంది కానీ ఎర్త్ వైరు ఉందో లేదో తెలియదు. దానికి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడాలి.

చెదల మట్టి దారులు గోడ మీద పెన్సిలంత మందంలో కనిపిస్తే చాలామంది చీపురుతో దులిపేసి తుడిచేస్తారు. చెదల స్థావరం ఎక్కువగా నేలలో ఉంటుంది, దారి చెరిపితే అది చావదు. మందు కొట్టించి, ఏ మందు, ఏ తేదీన, ఎవరు కొట్టారో రసీదు ఉంచుకోండి.

ఇంకొక్కటి, మీ ఆరోగ్యం కోసం. ఇల్లు చాలా పాతదైతే అమ్మే హడావుడిలో పాత పెయింటును పొడిగా గోకించకండి. పాత రంగుల్లో సీసం ఉండేది. అమెరికా ఇళ్ల పెయింట్లలో దాన్ని 1978లో నిషేధించింది. ఆ పొడి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాత ఆస్బెస్టాస్ రేకులు కోయడం, వాటికి డ్రిల్లు వేయడం కూడా అంతే ప్రమాదం. అలాంటివి ఉన్నాయని కాగితం మీద రాసి, ముట్టుకోకుండా వదిలేయడమే మీకూ మేలు, కొనేవాళ్లకూ మేలు.

ఇవన్నీ చెబితే రేటు పడిపోదా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొంత తగ్గవచ్చు. దాచిన లోపం బయటపడ్డాక తగ్గేది మాత్రం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే అక్కడి నుంచి కొనేవాళ్లు కనిపించిన లోపానికి మాత్రమే తగ్గించరు, కనిపించనివాటికి కూడా కలిపి తగ్గిస్తారు. ఒక గోడ దగ్గర పుట్టీ కింద బీట దొరికితే మిగతా గోడలన్నీ అనుమానంగానే కనిపిస్తాయి. ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకుని ఇదే వివరించాడు. మంచి సరుకేదో చెడ్డ సరుకేదో కొనేవాళ్లకు తేడా తెలియకపోతే వాళ్లు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తారు, మంచి సరుకున్నవాళ్లు గిట్టక సంతలోంచి తప్పుకుంటారు. 2001లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతిలో ఈ పనికి పెద్ద పాత్ర ఉంది. మసిపూసి మారేడుకాయ చేసిన ప్రతి ఇల్లూ, పక్క వీధిలో శుభ్రంగా చూసుకున్న ఇంటి ధరను కూడా కిందికి లాగుతుంది. ఇల్లు నిజంగా బాగున్న యజమాని ఈ విషయంలో అందరికంటే ఎక్కువ కోపం తెచ్చుకోవాలి.

చట్టాలు కూడా చాలా చోట్ల ఈ దిశగానే నడిచాయి. భారతదేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పితీరాలని ఉంది. స్కాట్లాండ్‌లో 2008 డిసెంబరు నుంచి చాలా ఇళ్లను మార్కెట్లో పెట్టకముందే యజమాని సర్వేయర్ నివేదిక తీసుకోవాలి. అందులో ప్రతి భాగానికీ 1 నుంచి 3 వరకూ అంకె ఇస్తారు, 3 అంటే వెంటనే మరమ్మతు చేయాలని. డెన్మార్క్‌లో 1996 నుంచి అమలవుతున్న పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. యజమాని ముందుగానే స్థితి నివేదికను, దానితో పాటు బీమా ప్రతిపాదనను కొనేవాళ్ల ముందు పెడితే, ఆ తర్వాత ఇంటి లోపాల బాధ్యత నుంచి చాలావరకు బయటపడతాడు. మోసం చేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. నార్వే 2022 నుంచి ఇంకా గట్టిగా పట్టుకుంది. మామూలు మనుషులకు ఇల్లు అమ్మేటప్పుడు 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం అక్కడ కుదరదు. ఏ చట్టమూ చెప్పని చోట కూడా ఒక నివేదిక ముందుగా తెప్పించుకునే స్వేచ్ఛ మీకు ఉంది. కొనేవాళ్లు తెచ్చే ఇంజినీరు కంటే ముందే మీ ఇంజినీరు చూస్తే, ఏది బాగుచేయించాలో, ఏది ధరలో సర్దుకోవాలో తీరిగ్గా ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. బేరం మధ్యలో తెలిస్తే ఆ సమయం దొరకదు.

ఏది బాగుచేయించాలంటే, నా లెక్కలో నీళ్లు కారేవి, కరెంటు, ఊడిపడేవి, ఈ మూడూ ముందు. కిచెన్ కొత్తగా చేయించడం, టైల్స్ మార్పించడం లాంటివి మానేయండి. వచ్చేవాళ్లు తమ ఇష్టానికి మళ్లీ పీకించుకుంటారు. ఆ డబ్బు డాబా మీద పెట్టండి.

మధ్యవర్తులకు ఒక మాట. "మచ్చలు కనిపించకుండా ఒక కోటింగు వేయించండి" అని యజమానికి ముందు చెప్పేది తరచుగా మీరే. ఆ సలహా ఇవ్వడం ఆపండి. కొనేవాళ్లకూ ఒకటి చెప్పాలి. యజమాని నిజాయితీగా లోపాలు రాసిస్తే, ఆ కాగితాన్నే పట్టుకుని ప్రతి గీతకూ ధర తగ్గించమని పీడించకండి. అప్పటికే చెప్పిన లోపాన్ని లెక్కలో వేసుకుని ఆయన ధర చెప్పి ఉండొచ్చు. నిజం చెప్పినందుకు శిక్ష పడితే తర్వాతి యజమాని చెప్పడు.

తనిఖీ రోజున యజమానులు చేయాల్సింది కొంచెమే. బీరువాలు, మంచాలు గోడకు ఒక అడుగు దూరం జరిపి ఉంచండి. డాబా తలుపు, నీళ్ల ట్యాంకు మూత, మీటరు బోర్డు దగ్గర తాళాలు తీసి ఉంచండి. అటక ఎక్కడానికి నిచ్చెన వేసి ఉంచండి. మరమ్మతు బిల్లులు, ఫొటోలు, పైపులు, వైర్లు ఏ గోడలోంచి వెళ్లాయో తెలిపే ప్లాను ఉంటే అదీ బల్ల మీద పెట్టండి. ప్లాను లేకపోతే మీకు తెలిసినంత వరకు తెల్లకాగితం మీద చేత్తో గీసినా సరిపోతుంది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, బోర్డులోని ఏ ఎంసీబీ (బ్రేకరు స్విచ్చు) ఏ గదిదో దాని మీదే రాయండి. నేను ఇల్లంతా చూస్తున్నంతసేపూ దయచేసి బయటికి వెళ్లకుండా నా పక్కనే ఉండండి. ఏ గోడ ముందు ఆగితే ఆ గోడకు ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఎవరు ఎలా బాగుచేశారో చెప్పండి. నేను రాసుకుంటాను.

ఇట్లు,
ఇళ్లు తనిఖీ చేసి నివేదికలు రాసే ఒక సివిల్ ఇంజినీరు